డాబ్జాన్స్కీ పండితుడు – ఆయన పండ్ల యీగలు

వేసవికాలమున మాగిన మామిడిపండ్ల గంపపైనను, ఒలిచి యుంచిన పనసతొనలపైనను, కల్లుముంతల మూతుల చుట్టును మూగెడు నువ్వుగింజంతటి యీగలను మనలో నెరుగనివారు లేరు. వానిని చేతితో తోలివేయుటయే గాని నిలిచి చూచువారు అరుదు. ఆ కుటుంబమునకే చెందిన యీగలను గాజుసీసాలలో పెంచి, వాని వంశవృక్షములు వ్రాసి, ఏ యాడ యీగ ఏ మగ యీగను వరించినది, దేనిని త్రోసిపుచ్చినది యని లెక్కలు కట్టుచు నొక పండితుడు అమెరికాదేశమున 48 సంవత్సరములు గడపెను. ఆయన పేరు థియొడోసియస్ డాబ్జాన్స్కీ. ఈగల పెండ్లిండ్లు కూడ శాస్త్రవిషయమేనా యని నవ్వుట సులభము. అయితే ఒక జీవజాతిలో వైవిధ్యము ఎట్లు నిలుచునో, ఒక జాతి రెండుగా నెట్లు చీలునో తెలిసికొనుటకు ఈ చిన్న యీగలు చూపిన దారి మరే జంతువును అంత స్పష్టముగా చూపలేదు. ఆ దారిని మొదట నడచినవారిలో ముఖ్యుడాయన.

డాబ్జాన్స్కీ 1900వ సంవత్సరము జనవరి 25వ తేదీన, నాటి రష్యా సామ్రాజ్యములోని ఉక్రెయిన్ ప్రాంతమున, నెమిరోవ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గ్రిగోరీ ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడు. తల్లి సోఫియా. వారికి చాలకాలము సంతానము లేకపోగా, చెర్నిగోవ్ నగరపు సాధువైన థియొడోసియస్‌కు మ్రొక్కుకొనిరట. ఆ మ్రొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు ఆ సాధువు పేరే పెట్టిరి. వేంకటేశ్వరునికి మ్రొక్కుకొని బిడ్డకు ఆ పేరు పెట్టుకొను మన తల్లిదండ్రులకు ఈ సంగతి వింతగా తోచదు. 1910లో ఆ కుటుంబము కీవ్ నగరమునకు వచ్చి స్థిరపడెను.

బాల్యమున ఆ బాలునికి సీతాకోకచిలుకలను సేకరించుట వేడుక. 1915లో విక్టర్ లుచ్‌నిక్ అను యువకుడు పరిచయమై, చేతికి దొరికిన ప్రతి పురుగును పట్టుటకంటె ఒక్క కుటుంబమును ఎన్నుకొని దాని నిండుగా నెరుగుట మేలని బోధించెను. ఆ మాట పట్టుకొని డాబ్జాన్స్కీ అక్షింతల పురుగులను, అనగా ఎర్రని వీపుపై నల్లచుక్కలు గల చిన్న పెంకుపురుగులను, తన విషయముగా చేసికొనెను. ఒకే చోట, ఒకే జాతి పురుగులలో ఒకదానికి రెండు చుక్కలు, ఒకదానికి పది చుక్కలు, మరియొకదానికి చుక్కలే లేకపోవుట యేమి? ఆ ప్రశ్న ఆయన జీవితాంతము వెన్నంటి వచ్చినది. 1915-16 శీతకాలమున డార్విన్ వ్రాసిన జాతుల పుట్టుక గ్రంథము ఆయన చేతికి చిక్కెను. పదునాఱవయేట చదివిన ఆ పుస్తకముతో తాను జీవశాస్త్రవేత్త కావలెనని నిశ్చయించుకొనెను. ఒక పుస్తకము సమయమునకు దొరకుట యెంతటి పని చేయగలదో గ్రంథాలయములు నడపువారికి చెప్పనక్కరలేదు.

1917లో కీవ్ విశ్వవిద్యాలయమున చేరెను. అదే సంవత్సరము విప్లవము వచ్చెను. తరువాతి మూడు నాలుగేండ్లలో ఆ నగరము ఎర్రసేనలకు, తెల్లసేనలకు, జర్మనులకు, పోలండువారికి, ఉక్రెయిన్ జాతీయవాదులకు పలుమారులు చేతులు మారెను. తుపాకుల మ్రోతలు, కఱవు, అంటువ్యాధులు. ఆ సంవత్సరములలోనే ఆయన తల్లిదండ్రులను ఇరువురను పోగొట్టుకొనెను. అట్టి కాలములోనే 1918లో ఒక క్రొత్తజాతి అక్షింతల పురుగును గూర్చి తన మొదటి వ్యాసము ప్రకటించెను. 1921లో చదువు ముగించి, కొంతకాలము కీవ్‌లోనే వ్యవసాయ విద్యార్థులకు బోధించెను. 1924లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయమున యూరీ ఫిలిప్‌చెంకో అను జన్యుశాస్త్రవేత్త కడకు సహాయకుడుగా వెళ్లెను. ఆ ఆగస్టులోనే నతాషా సివెర్ట్‌సేవాను వివాహమాడెను. ఆమెయు జీవశాస్త్ర విద్యార్థినియే. మధ్య ఆసియా గడ్డిభూములకు పశుసంపదను పరిశీలించు యాత్రలకు పోయినప్పుడు గుఱ్ఱపుస్వారి అబ్బెను. ఆ మక్కువ ముసలితనము వఱకు వదలలేదు.

1922లో అమెరికను శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ మాస్కోకు వచ్చి, థామస్ హంట్ మార్గన్ ప్రయోగశాలనుండి తెచ్చిన పండ్ల యీగల తెగలను అచటివారికి కానుకగా ఇచ్చెను. జన్యువులు క్రోమోసోములపై వరుసగా నుండునని ఈ యీగల మూలముననే మార్గన్ బృందము నిరూపించి యుండెను. ఆ యీగల సంతతి కొంత డాబ్జాన్స్కీ చేతికిని వచ్చెను. ఆయన చేసిన మొదటి యీగల పరిశోధన విషయము మిక్కిలి చిన్నది: కంటిరంగును, రెక్కల ఆకారమును మార్చు జన్యువులు, ఆడ యీగ కడుపులో వీర్యమును దాచుకొను చిన్న సంచి ఆకారమును కూడ మార్చునా? మార్చునని తేలెను. ఆ చిన్న సంచియే ఇరువదేండ్ల తరువాత ఆయనకు మరల అక్కరకు వచ్చుట చూతుము.

రాక్‌ఫెల్లర్ నిధి సహాయముతో దంపతులిరువురు 1927 డిసెంబరు 27న న్యూయార్కులో దిగిరి. కొలంబియా విశ్వవిద్యాలయములోని ప్రసిద్ధమైన ఈగల గది 16 అడుగుల వెడల్పు, 23 అడుగుల పొడవు గల మామూలు గది. అందులో ఎనిమిది బల్లలు, ఎచట జూచినను పాలసీసాలు, వానిలో ఈగలు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన విజ్ఞానమంతయు ఈ యిరుకు గదిలోనుండియే వచ్చినదా యని చూచినవారు తెల్లబోయెడివారు. 1928లో మార్గన్ పసదీనాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమునకు మారగా డాబ్జాన్స్కీయు వెంట వెళ్లెను. తిరిగి వచ్చుట మంచిదా, అచటనే నిలుచుట మంచిదా యను ప్రశ్న కొన్ని సంవత్సరములు ఆయనను వేధించెను. గురువు ఫిలిప్‌చెంకో 1930లో మరణించెను. నికొలాయ్ వావిలోవ్ మహాశయుడు తిరిగి రమ్మని జాబులు వ్రాసెను. డాబ్జాన్స్కీ వెళ్లలేదు. రష్యాలో జన్యుశాస్త్రమునకు పట్టిన గతి, 1943లో సరాతోవ్ చెఱసాలలో వావిలోవ్ మరణించుట, 1948లో జన్యుశాస్త్రమునే ప్రభుత్వము నిషేధించుట తలచుకొన్నచో, ఆయన నిర్ణయము ఆయన ప్రాణమును కాపాడెననియే చెప్పవలెను. అయినను దాని వెల తక్కువ కాదు. 1937లో అమెరికా పౌరుడైన ఆయన, పుట్టిన గడ్డపై మరల నడుగు పెట్టకయే గతించెను.

పసదీనాలో ఆయనకు ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ స్నేహము లభించెను. స్టర్టెవాంట్ 1915లోనే పండ్ల యీగల వరణమును పరిశీలించినవాడు. మగ యీగ ఆడదానిని సమీపించి, ముంగాలితో తట్టి, ఒక రెక్కను చాచి ఆడించుచు చుట్టు తిరుగును. ఆ రెక్క చప్పుడు మన చెవికి వినబడని పాట. ఆడ యీగకు సమ్మతమైనచో నిలుచును, కానిచో కాలితో తన్ని తొలగిపోవును. రెక్కలు కత్తిరించిన మగ యీగకు పెండ్లి కుదురుట కష్టమని స్టర్టెవాంట్ చూపెను. ఇట్టి అనుభవము గల మిత్రునితో కలిసి డాబ్జాన్స్కీ, సీసాలలో తరతరములుగా పెరిగిన యీగలను విడిచి, కొండలలో స్వేచ్ఛగా తిరుగు యీగలపై దృష్టి నిలిపెను. పడమటి అమెరికా అడవులలో నుండు డ్రోసోఫిలా సూడోఅబ్‌స్క్యూరా అను జాతి ఆయన కెన్నికయైనది. పులిసిన అరటిపండ్ల గుజ్జును పాత్రలలో పెట్టి, సంధ్యవేళ చెట్ల నీడలో నుంచిన, ఈగలు తామే వచ్చి చిక్కెడివి.

ఈ జాతి మూడవ క్రోమోసోమున నొక విచిత్రము కనబడెను. తాళపత్రగ్రంథమున నడుమనున్న పది యాకులను దారమునుండి తీసి, కట్టగా త్రిప్పి, తుదియాకు మొదట వచ్చునట్లు మరల గ్రుచ్చినచో ఎట్లుండునో, అట్లే క్రోమోసోములో కొంతభాగము వరుస తిరుగబడి యుండును. అట్టి వరుసలు ఆ జాతిలో పెక్కు గలవు. ప్రమాణపు వరుస, బాణపు మొన, చిరికాహువా, పైక్స్ శిఖరము అని వానికి పేర్లు పెట్టిరి. పైకి చూచిన ఈగలన్నియు నొకటే, లోపల వ్రాతలు వేఱు. ఒకే కొండపై రెండు మూడు వరుసలు కలిసి బ్రతుకుచుండెను. స్టర్టెవాంటుతో కలిసి వ్రాసిన వ్యాసము 1938లో వెలువడునాటికి ఆ స్నేహము చెడిపోయి యుండెను. ఇరువురును మహాప్రతిభావంతులే, ఇరువురును పట్టుదల గలవారే. తరువాత వారు కలిసి పని చేయలేదు. శాస్త్రచరిత్రలో ఇది విచారకరమైన ఘట్టము.

1936లో కొలంబియాలో నిచ్చిన ఉపన్యాసముల ఫలితముగా 1937లో జన్యుశాస్త్రము, జాతుల పుట్టుక యను అర్థమిచ్చు పేరుతో ఆయన గ్రంథము వెలువడెను. అంతవఱకు డార్విను అనుయాయులు వేఱు, మెండెలు అనుయాయులు వేఱు. గణితజ్ఞులు కాగితముపై లెక్కలు వేయుచుండిరి, ప్రకృతిపరిశీలకులు అడవులలో తిరుగుచుండిరి. ఒకరి మాట ఒకరికి తెలియదు. అడవిలో పురుగులను పట్టిన చేయియు, ప్రయోగశాలలో క్రోమోసోములను లెక్కించిన కన్నును గలవాడగుటచే ఆయన వీరందరిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టగలిగెను. రెండు జాతులు కలసిపోకుండ కాపాడు అడ్డుకట్టలు ఎన్నివిధములో అందు వివరించెను. సంకరసంతానము గొడ్డుపోవుట ఒక అడ్డుకట్ట. అసలు ఒకరినొకరు వరింపకపోవుటయే మఱియొక అడ్డుకట్ట. ఈ రెండవదానిపైననే ఆయన శేషజీవితములో చాలభాగము గడచెను.

1940లో కొలంబియాకు ఆచార్యుడై తిరిగివచ్చెను. కాలిఫోర్నియాలోని సాన్ హసింటో కొండపై మూడు ఎత్తులలో సంవత్సరముల తరబడి ఈగలను పట్టి లెక్కించినప్పుడు, వసంతమునుండి వేసవి తొలినాళ్లలోపల ప్రమాణపు వరుస తగ్గి చిరికాహువా పెరుగుట, ఎండలు ముదిరిన తరువాత మరల మొదటిది పెరుగుట కనబడెను. పరిణామమనిన లక్షల యేండ్లకు గాని కంటికి కనబడదని తలచినవారికి ఒక్క సంవత్సరములోనే అది కనబడెను. అటుపై ఈగలను పెట్టెలలో పెంచి పరీక్షించిరి. 25 డిగ్రీల వేడిమిలో ఏ నిష్పత్తితో ఆరంభించినను తుదకు ప్రమాణపు వరుస సుమారు 70 పాళ్లు, చిరికాహువా 30 పాళ్ల కడ నిలిచెను. 16 డిగ్రీల చల్లదనములో మార్పే లేదు. సీవల్ రైట్ అను జన్యుశాస్త్రవేత్త దీనికి లెక్కలు కట్టెను. రెండు వరుసలను ఒక్కొక్కటిగా పొందిన సంకరపు టీగ, ఒకే వరుసను రెండుగా పొందినదానికంటె బలమైనదని, అందువలననే రెండును నశింపక నిలుచుచున్నవని వారు నిర్ణయించిరి.

ఇక వరణపు మాట. సూడోఅబ్‌స్క్యూరాను చాలకాలము ఏ, బి యను రెండు తెగలుగా తలచుచుండిరి. చూపునకు భేదము లేదు. కలిపినచో పుట్టిన మగసంతానము గొడ్డు. ప్రకృతిలో ఒకే లోయలో రెండును తిరుగుచున్నను కలియుట బహు అరుదు. ఇవి తెగలు కావు, రెండు జాతులే యని నిశ్చయించి 1944లో బి తెగకు పెర్సిమిలిస్ అని పేరు పెట్టిరి. మగ యీగలతో రెండు రకముల ఆడ యీగలను కలిపియుంచి, కొన్ని దినముల తరువాత ఆడ యీగల కడుపులోని ఆ చిన్న సంచిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినచో, వీర్యమున్నదా లేదా యను దానిచే ఏది కలిసినదో తెలియును. లెనిన్‌గ్రాడులో యౌవనమున నేర్చిన విద్య ఇట్లు అక్కరకు వచ్చెను. పక్షిశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ ఈ ప్రయోగములలో ఆయనకు తోడైెను. పక్షుల పండితుడు ఈగల పెండ్లికి పెద్దయగుట చూచి మిత్రులు నవ్వుకొనియుందురు.

డాబ్జాన్స్కీ వాదము ఇది. సంకరసంతానము గొడ్డుపోవుచున్నప్పుడు, పరజాతి మగదానిని వరించిన ఆడ యీగ సంతానము వ్యర్థమగును. స్వజాతినే గుర్తించి వరించు ఆడదాని సంతానమే తరువాతి తరమున మిగులును. కాబట్టి రెండు జాతులు కలిసియుండు చోట్ల ఆడ యీగల వివేచన తరతరమునకు పదునెక్కవలెను. ఆయన శిష్యుడు కార్ల్ కూప్‌మన్ దీనిని పరీక్షకు పెట్టెను. రెండు జాతుల ఈగలను ఒకే పెట్టెలో నుంచి, ప్రతితరమునను సంకరములను ఏరివేసెను. కొలది తరములలోనే సంకరముల సంఖ్య బహు స్వల్పమై పోయెను. ఆ ఫలితము 1950లో వెలువడెను. ఈ వాదమును చాలమంది నడుమ కాలమున శంకించిరి. 1989లో కాయిన్, ఆర్ అను నిరువురు 119 జతల డ్రోసోఫిలా జాతుల వివరములను ప్రోగుచేసి, ఒకే ప్రాంతమున నుండు జాతులలో వరణపు వివేచన ఎక్కువయని చూపిరి. 1995లో మహమ్మద్ నూర్ అను పరిశోధకుడు సూడోఅబ్‌స్క్యూరా ఈగలలోనే దానిని కనుగొనెను. పెర్సిమిలిస్ నివసించు చోటులనుండి తెచ్చిన ఆడ యీగలు, అది లేని చోటులవానికంటె పరజాతిని గట్టిగా త్రోసిపుచ్చెను. వాదము చేసిన పెద్ద అప్పటికి గతించి ఇరువదేండ్లయ్యెను.

వరణము జాతులను విడదీయుట ఒక ఎత్తు. ఒకే జాతిలోపల వైవిధ్యమును నిలబెట్టుట మరియొక ఎత్తు. సామాన్యముగ ఆలోచించినచో, ఆడ యీగలన్నియు ఒకే మేలిరకపు మగదానిని కోరినచో ఆ రకము వ్యాపించి తక్కినవి నశింపవలెను. వరణము వైవిధ్యమునకు శత్రువు కావలెను. దీనికి విరుద్ధమైన సంగతిని ఫ్రాన్సుదేశమున క్లోడిన్ పెతీ అను శాస్త్రజ్ఞురాలు 1950ల దశకమున కనిపెట్టెను. పెట్టెలో ఏ రకపు మగ యీగలు తక్కువగా నున్నవో, వానికే వంతునకు మించి పెండ్లిండ్లు జరుగుచుండెను. 1965లో లీ ఎర్మన్ అను శిష్యురాలు, బోరిస్ స్పాస్కీ, ఓల్గా పావ్‌లోవ్‌స్కీలతో కలిసి డాబ్జాన్స్కీ తన యీగలలోను ఇదే జరుగుచున్నదని ప్రకటించెను. (ఈ స్పాస్కీ చదరంగపు వీరుడు కాడు, పేరు మాత్రమే ఒకటి. ఈయన చిరకాలము డాబ్జాన్స్కీ ప్రయోగశాలను నడిపిన సహచరుడు.)

ఎర్మన్ ప్రయోగము సులభముగా తెలియదగినది. లోపలి సంగతి కనబడు ఒక చిన్న గదిలో 25 జతల ఈగలను విడుచును. ఒకమారు ఒక తెగవి 20 జతలు, రెండవ తెగవి 5 జతలు. మరియొకమారు 23, 2. ఇంకొకమారు సరిసమానము. ఆ పిదప తారుమారు చేసి, 5 జతల తెగను 20 జతలుగాను, 20 జతల తెగను 5 గాను చేయును. కన్నార్పక చూచి ఏది దేనితో కలిసినదో వ్రాయును. ఎంపిక యేమియు లేకున్నచో 20, 5 ఉన్నప్పుడు నూరు కలయికలలో అరుదైన మగవానికి 20 రావలెను. వచ్చినవి అంతకంటె స్పష్టముగ నెక్కువ. అదే తెగ సంఖ్యలో నెక్కువైనచో ఆ మేలు మాయమయ్యెను. ఆ యీగలో ప్రత్యేకమైన అందమేమియు లేదు, ఉన్న విశేషము అరుదుగా నుండుటయే. ఆడ యీగ వాసనచే దీనిని గుర్తించునని ఎర్మన్ ఊహించి, గాలిని ఒక గదినుండి మరియొక గదిలోనికి పోనిచ్చి పరీక్షించెను.

దీని ఫలితమేమో చూడుడు. ఒక జన్యువు అరుదై నశించుటకు సిద్ధముగా నున్నప్పుడు దాని మగసంతతికి పెండ్లిండ్లు హెచ్చును, కావున అది మరల పెరుగును. పెరిగి సామాన్యమైనచో ఆ హెచ్చు పోవును, కావున తక్కినవానిని మ్రింగివేయలేదు. రెండును సమతౌల్యమున నిలుచును. ఒక తరాజు తనంత తాను సరిపడినట్లన్నమాట. అయితే ఈ విషయములో నేను పాఠకులకు ఒక హెచ్చరిక చేయవలెను. అన్ని తెగలలోను, అన్ని ప్రయోగశాలలలోను ఇది కనబడలేదు. గుర్తుకై ఈగల రెక్కల యంచును కత్తిరించుటవలనను, లెక్కకట్టు పద్ధతివలనను కొంత భ్రమ కలిగియుండవచ్చునని 1980 ప్రాంతమునుండి కొందరు వాదించిరి. అరుదైన మగవాని మేలు కొన్ని చోట్ల నిజమే గాని, అంతటికి అదియే మూలమని చెప్పుటకు వీలులేదు. ఇతర జంతువులలో దీనికి మంచి నిదర్శనములు తరువాత దొరకినవి.

బ్రెజిల్ దేశముతో ఆయనకు గాఢమైన బంధమేర్పడెను. 1943 మొదలు పలుమారులు సావ్‌పాలోకు వెళ్లి, క్రొడోవాల్డో పావాన్ మొదలగు యువకులకు శిక్షణ నిచ్చెను. అచట వారు కనుగొని పేరుపెట్టిన డ్రోసోఫిలా పౌలిస్టోరమ్ అను ఈగ ఆయనకు ఎంతో ముద్దు. ఎందుకనగా అది ఒక జాతియో, ఆరు జాతులో చెప్పుటకు వీలుకాదు. ఆరు తెగలు. ఒకదాని ఆడ యీగ రెండవదాని మగదానిని సామాన్యముగ వరింపదు. వరించినను పుట్టిన మగసంతతి గొడ్డు. జాతి పుట్టుచున్న సమయముననే పట్టుబడినదని 1959లో ఆయన ఆనందముతో ప్రకటించెను. 1958లో కొలంబియాదేశపు గడ్డిమైదానమున దొరకిన ఒక తెగ మొదట ఒరినోకో తెగతో కలిసి మంచిసంతానము కనెను. కొన్ని సంవత్సరములు సీసాలలో పెరిగిన తరువాత అదే కలయికవలన గొడ్డుసంతతి పుట్టెను. ఇది కండ్లయెదుట జరిగిన జాతి చీలికయని ఆయన తలచెను. ఈగల శరీరములో నివసించు సూక్ష్మజీవులకు ఇందులో భాగమున్నదని తరువాతి పరిశోధకులు చెప్పుచున్నారు.

ఈగల నుండి మనుష్యుల మాటకు ఆయన వెనుదీయలేదు. జాతివైరము ప్రపంచమును దహించిన యుద్ధము ముగిసిన వెంటనే 1946లో ఎల్. సి. డన్ అను సహచరునితో కలిసి వంశము, తెగ, సమాజము అను విషయమును గూర్చి సామాన్యులకు తెలియు చిన్న పుస్తకమును వ్రాసెను. అదే సంవత్సరము లైసెంకో వ్రాసిన గ్రంథమును తానే ఆంగ్లములోనికి అనువదించెను. ప్రత్యర్థి వాదమును ఖండించుటకు దానిని యథాతథముగ లోకమునకు చూపుటయే చాలునని ఆయన నమ్మకము.

భారతదేశమును గూర్చి ఆయన వ్రాసిన మాట మనము తెలిసికొనదగినది. 1973లో ప్రకటించిన మానవసమానత్వ గ్రంథమున, మన కులవ్యవస్థను మనుష్యులపై జరిగిన జన్యుప్రయోగములలో మిక్కిలి పెద్దదిగా ఆయన పరిగణించెను. రెండు వేల సంవత్సరములకు పైగా ప్రతి కులమును తనలో తానే పెండ్లిండ్లు చేసికొని, ప్రతిదానికి ఒక వృత్తి యని కట్టడి చేసిన యెడల, ఆ వృత్తికి తగిన పుట్టుక గుణము ఆయా కులములలో పాతుకొనవలెను. అట్లు జరుగలేదని, ఏ కులమునుండి వచ్చినవాడైనను అవకాశము దొరకినచో ఏ వృత్తినైనను సమర్థతతో చేయుచున్నాడని, కావున ప్రయోగము విఫలమైనదని ఆయన నిర్ణయము. ఇది గాలిమాటగా చెప్పలేదు. స్పాస్కీతో కలిసి, వెలుతురువైపు పోవు ఈగలను, పైకి ఎక్కు ఈగలను తరతరములుగా ఏరి పెంచి, అట్టి గుణములలో పుట్టుక భాగము ఎంత స్వల్పమో, ఏరుట మానినచో ఎట్లు కరగిపోవునో 1960ల దశకమున చూచియుండెను. ప్రతి మనుష్యుడును జన్యురీత్యా అద్వితీయుడు, అట్లగుటచేతనే సమానావకాశములు అవసరము. ఎల్లరు ఒక్క మూసలోనివారే యైనచో సమానత్వమను మాటతో పనియే లేదని ఆయన తర్కము. పెండ్లిసంబంధములు కుదుర్చుకొనుటలో మనము పాటించు కట్టుబాట్లను గూర్చి ఒక యీగల పండితుడు ఇంత సూటిగా మాటలాడుట నాకు వింతగాను, మెప్పుగాను తోచినది.

వైవిధ్యమును గూర్చి ఆయనకును, పూర్వమిత్రుడు ముల్లర్‌కును పెద్ద వివాదము నడచెను. ముల్లర్ అభిప్రాయమున ఒక జాతిలో ప్రతి జన్యువునకు ఒక్కటే మంచిరూపము, తక్కినవి దోషములు. డాబ్జాన్స్కీ అభిప్రాయమున అనేకరూపములు ప్రకృతివరణముచేతనే పోషింపబడుచున్నవి. అడవియీగలు పైకి ఆరోగ్యముగా కనబడుచునే లోపల ప్రాణాంతకమైన జన్యువులను సయితము మోయుచున్నవని చూపినవాడాయనయే. 1966లో ఆయన శిష్యుడు రిచర్డ్ లెవోంటిన్, షికాగోలో హబ్బీతో కలిసి విద్యుత్సహాయముతో ప్రోటీనులను వేఱుపఱచి చూడగా, సూడోఅబ్‌స్క్యూరాలో పరీక్షించిన 18 జన్యువులలో సుమారు మూడవవంతు బహురూపములు గలవని తేలెను. వైవిధ్యము అపారమని గురువు చెప్పినది నిలిచెను. అది అంతయు వరణముచేతనే నిలిచినదను భాగము మాత్రము నిలువలేదు. దానిలో చాలభాగము మేలుకీడులు లేని మార్పులేయని జపాను శాస్త్రజ్ఞుడు కిమురా 1968లో వాదించి, పెక్కురను ఒప్పించెను.

ఆయన స్వభావము తీవ్రమైనది. పనిలో అలసట యెరుగడు. సుమారు 600 వ్యాసములు, పెక్కు గ్రంథములు వ్రాసెను. పరిణామమును నమ్మిన ఆయన దైవమును కూడ నమ్మెను. ఆర్థడాక్స్ క్రైస్తవమతమును విడువలేదు. ఈ రెండింటిని గూర్చి 1967లో ఒక గ్రంథమే వ్రాసెను. 1962లో రాక్‌ఫెల్లర్ సంస్థకు మారెను. 1964లో అమెరికా ప్రభుత్వము జాతీయ విజ్ఞానపతకము నిచ్చి గౌరవించెను.

1968లో ఆయనకు రక్తములో క్యాన్సరు ఉన్నట్లు వైద్యులు కనుగొనిరి. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో నతాషా గుండెజబ్బుతో మరణించెను. కీవ్‌నుండి కాలిఫోర్నియా కొండలదాక ఈగల వేటకు వెంట నడచిన సహచరి పోయిన తరువాతను ఆయన సీసాలను వదలలేదు. 1971లో శిష్యుడైన ఫ్రాన్సిస్కో అయాలాతో కలిసి డేవిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. మరణమునకు ముందునాటి వఱకు పని చేయుచునే యుండెను. 1975 డిసెంబరు 18న గుండె ఆగి, 75 యేండ్ల వయస్సున గతించెను.

ఆయన చేయించుచుండిన ప్రయోగములలో ఒకటి అప్పటికి వెలువడలేదు. పౌలిస్టోరమ్ తెగలలో రెండింటిని ఎన్నుకొని, తప్పు జోడిని వరించినవాని సంతతిని ప్రతితరమునను ఏరివేయుచు, ఆడ యీగల వివేచన పెరుగునేమో యని చాలకాలము కనిపెట్టిన ప్రయోగమది. పావ్‌లోవ్‌స్కీ, పావెల్‌లతో కలిసి ఆయన పేరుతో 1976లో ఆ వ్యాసము అచ్చయ్యెను. వివేచన కొంత పెరిగినది, పూర్తిగా వేఱుపడలేదు. ఆ ప్రయత్నము పాక్షికముగనే సఫలమైనదని వ్యాసము పేరులోనే చెప్పియున్నారు.